జపనీస్ క్లాసుకి తెలుగుతోనే వెళ్ళండి

గత సంచికలో అమెరికా కమ్యూనిటీ కాలేజీల్లో భాషల క్లాసుల గురించి నాలుగు మాటలు రాశాను. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా జపనీస్ గురించే ఉన్నాయి. చాలా సంతోషమేసింది. నేను కాలిఫోర్నియా బే ఏరియాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో మొదటి ఏడాది జపనీస్ పార్ట్‌టైమ్‌గా చెబుతున్నాను. హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద వచ్చి అలాంటి కాలేజీలోనే విద్యార్థినిగా మొదలుపెట్టినదాన్ని. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం జపనీస్‌కే ఇచ్చేస్తున్నాను. ఫీజులు, నిబంధనలు కాలిఫోర్నియావి. వేరే రాష్ట్రాలవాళ్ళు మీ కాలేజీ అడ్మిషన్స్ ఆఫీసులో కనుక్కోండి.

ప్రశ్న: నమస్తే అండీ. నేను హెచ్-4 మీద వచ్చి ఎనిమిది నెలలైంది. బి.కామ్ చదివాను. జపనీస్ నేర్చుకోవాలని చిన్నప్పటి నుంచీ కోరిక. కాలేజీలో చేరాలంటే ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మారాలా? ఫీజు ఎంతవుతుంది? నా ఇంగ్లిష్ అంతంత మాత్రమే. క్లాసులో నెగ్గుకురాగలనా అని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, సన్నీవేల్

జవాబు: మారక్కర్లేదు. హెచ్-4 మీద ఉన్నవాళ్ళు ఫుల్‌టైమ్ అయినా, ఒక్క క్లాసైనా అదే వీసాతో చదువుకోవచ్చు. ఉద్యోగానికి కావలసిన వర్క్ పర్మిట్‌కీ దీనికీ సంబంధం లేదు.

ఫీజు దగ్గర మాత్రం కాస్త ఓపిక పట్టండి. ఈ రాష్ట్రంలో నివాసిగా లెక్కకి రావాలంటే టర్మ్ మొదలయ్యే నాటికి మీరు ఇక్కడికొచ్చి ఏడాది దాటాలి. ఇంటి లీజు, డ్రైవింగ్ లైసెన్సు, బ్యాంకు కాగితాల్లాంటివి చూపించమంటారు. అలా తేలితే, క్లాసు బరువుని కొలిచే ఒక్కో యూనిట్‌కి 46 డాలర్లు. జపనీస్ 1 సాధారణంగా 5 యూనిట్లు కాబట్టి 230 డాలర్లు, ఆ పైన హెల్త్ ఫీజులాంటి చిన్నాచితకా. మీకు దగ్గర్లోనే ఉన్న డి ఆంజా కాలేజీలో క్వార్టర్ పద్ధతి, అంటే ఏడాదికి రెండు సెమిస్టర్ల బదులు మూడు క్వార్టర్లు. అక్కడ క్వార్టర్ యూనిట్‌కి 31 డాలర్లు. ఏడాది నిండకుండా చేరితే నాన్ రెసిడెంట్ ఫీజు పడుతుంది. అది దీనికి ఎన్నో రెట్లు. నాలుగైదు నెలలు ఆగితే మిగిలే డబ్బు చిన్నదేం కాదు. జపనీస్ 1 ఏయే టర్ముల్లో పెడుతున్నారో షెడ్యూల్లో చూసుకుని, ఏడాది నిండాక వచ్చే మొదటి టర్ముకి సిద్ధంగా ఉండండి. ఈలోపు జపనీస్ రెండు అక్షరమాలలు, హిరగన, కతకన, నేర్చేసుకోండి. ఒక్కోదాంట్లో మూలాక్షరాలు 46. క్లాసులో వాటికి ఇచ్చే సమయం చాలామందికి సరిపోదు. ముందే వచ్చి ఉంటే మొదటి నెల ఎంతో తేలికగా గడుస్తుంది.

పుస్తకం తొందరపడి కొనకండి. చాలా కాలేజీల్లో గెంకీ అనే పాఠ్యపుస్తకం వాడతారు. దాని మూడో ఎడిషన్ 2020లో వచ్చింది. పాతది చవగ్గా దొరుకుతుంది గానీ, మీ టీచర్ ఏ ఎడిషన్ నుంచి హోంవర్క్ ఇస్తారో తెలిశాకే కొనండి.

ఇక ఇంగ్లిష్ సంగతి. సిలబస్ చదవడానికి, ఈమెయిల్ రాయడానికి వచ్చినంత ఇంగ్లిష్ చాలు. భాష నేర్చుకునేచోట ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్ళకి కలిసొచ్చేది తక్కువ, తెలుగు బాగా వచ్చిన మీకు కలిసొచ్చేది చాలా ఎక్కువ. ఎలాగో కింది జవాబులో రాశాను, తప్పకుండా చదవండి.

ప్రశ్న: మేడమ్, నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీరుని. సాయంత్రం క్లాసులో జపనీస్ 1 ఎలాగో గట్టెక్కాను. జపనీస్ 2లో వాక్యాలు పొడుగయ్యేసరికి తల తిరుగుతోంది. వాక్యం ఇంగ్లిష్‌లో అనుకుని, చివర్నుంచి మొదటికి తిప్పి రాస్తున్నాను. మాట్లాడమంటే నోరు పెగలట్లేదు. నా పద్ధతిలో లోపం ఎక్కడుంది? రెండేళ్ళు చదివితే ధారాళంగా మాట్లాడగలనా?
– ఒక విద్యార్థి, శాన్ హోసే

జవాబు: మధ్యలోంచి ఇంగ్లిష్‌ని తీసేయండి. మీరు తిప్పి రాస్తున్న వాక్యాన్ని అసలు తిప్పే పనే లేదు.

'నిన్న నేను కొన్న పుస్తకం' అనుకోండి. జపనీస్‌లో అది 'కినో వతషి గ కత్త హొన్'. నిన్న, నేను, కొన్న, పుస్తకం. మాటల వరస అదే. పుస్తకానికి ముందే దాని కథంతా చెప్పేయడం మనకి పాలతో వచ్చిన అలవాటు. ఇంగ్లిష్ ఒక్కటే వచ్చిన పిల్లలు నా క్లాసులో ఈ పాఠం దగ్గర ఆగిపోతారు, వాళ్ళకి పుస్తకం ముందు రావాలి, కథ తర్వాత రావాలి. టెక్స్ట్‌బుక్‌లో ఈ భాగానికి పేజీలకి పేజీలు వివరణ ఉండేది వాళ్ళ కోసమే. మీరు ఆ వివరణ చదివి, మీకు లేని కష్టాన్ని కొని తెచ్చుకుంటున్నారు.

ఇంకా చూడండి. 'వస్తానని చెప్పాడు' అంటే 'కురు తొ ఇత్త'. మనం 'అని' పెట్టేచోట వాళ్ళు 'తొ' పెడతారు, అంతే తేడా. 'తిని చూడు' అంటే 'తబెతె మితె'. ఆ 'మితె' చూడడం అనే క్రియే. రుచి చూడమనే అర్థంలో మనం ఎలా వాడతామో వాళ్ళూ అలాగే వాడతారు. 'రాసి పెట్టు'కి 'కైతె ఒయితె'. అక్కడ రెండో క్రియ అచ్చంగా పెట్టడమే, రేపటికి పనికొచ్చేలా ముందే చేసి ఉంచడం. 'తినేశాను' అన్నప్పుడు పని పూర్తయిపోయిందన్న ధ్వని వినిపిస్తుంది కదా, 'తబెతె షిమత్త'లోనూ అదే వినిపిస్తుంది. 'లేచి, స్నానం చేసి, తిని, ఆఫీసుకి వెళ్ళాను' అని మనం ఒక్క ఊపులో చెప్పే వాక్యాన్ని జపనీస్‌లో క్రియల 'తె' రూపాలతో (పైన చూసిన 'తబెతె', 'కైతె' లాంటివి) అలాగే గుదిగుచ్చుతారు. ఈ 'తె' రూపం చేసే సూత్రాలు మాత్రం కూర్చుని కంఠతా పట్టాల్సిందే, అక్కడ దగ్గరిదారి లేదు. వాడకం మాత్రం మీకు ముందే వచ్చు.

చుట్టరికాలు కూడా అంతే. 'అని', 'అనె', 'ఒతోతొ', 'ఇమోతొ' అంటే వరసగా అన్న, అక్క, తమ్ముడు, చెల్లెలు. పెద్దా చిన్నా తేడా లేకుండా ఒకే మాట వాడే భాష నుంచి వచ్చినవాళ్ళు నాలుగింటినీ తడబడుతూ నేర్చుకుంటారు. మనకి తేడా చెప్పాల్సిన పనే లేదు. టీచర్‌తో మాట్లాడేటప్పుడు 'మీరు' అనే అర్థంలో 'అనత' అనకూడదు, 'సెన్సే' (టీచర్) అనే పిలవాలి అని చెబితే ఇతర పిల్లలు వింతగా చూస్తారు. ఎదురుగా ఉన్న మాస్టారినే 'మాస్టారు ఎప్పుడొచ్చారు?' అని అడిగిన మనకి అందులో వింతేముంది?

తెలుగు చేయి వదిలేసే చోట్లు కూడా ఉన్నాయి, అవి గుర్తు పెట్టుకోండి. 'ఇంట్లో ఉన్నాను', 'ఇంట్లో తిన్నాను' రెండింట్లోనూ మనకి 'లో' ఒక్కటే. జపనీస్‌లో ఉండడానికి 'ని' పెట్టాలి, పని చేయడానికి 'దె' పెట్టాలి: 'ఇయె ని ఇమస్', 'ఇయె దె తబెమషిత'. మన తెలుగు పిల్లలందరూ ఇక్కడే మార్కులు పోగొట్టుకుంటారు. రెండోది విశేషణాలు. 'చలిగా ఉండింది' అనడానికి మనం 'ఉంది'ని 'ఉండింది' చేస్తాం, 'చలి'ని ముట్టుకోం. వాళ్ళు 'సముయి'నే 'సముకత్త' చేస్తారు. 'సముయి దెషిత' అని రాస్తే తప్పు, 'సముకత్త దెస్' అనాలి. మూడోది అందరినీ ఏడిపించే 'వ', 'గ', కర్త పక్కన పెట్టే గుర్తులు. కర్తకి మన దగ్గర గుర్తేమీ లేదు కాబట్టి నేరుగా సాయపడదు. అయితే 'వ' కనిపించినప్పుడు మనసులో 'సంగతికొస్తే' అనో, 'అయితే' అనో చదువుకోండి, చాలాచోట్ల అర్థం కుదురుతుంది. 'ఎవరు వచ్చారు?' లాంటి ప్రశ్నలో ఆ 'ఎవరు' పక్కన ఎప్పుడూ 'గ'నే, దానికి జవాబులోనూ 'గ'నే. మొదటి ఏడాదికి ఇది పట్టుబడితే చాలు.

ఉచ్చారణ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ నోరు పెగలకపోవడానికి సగం కారణం ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్న నోట్సే అని నా అనుమానం. గత ఫాల్‌లో ఒక తెలుగబ్బాయి ఆఫీస్ అవర్స్‌కి కుటుంబం మీద రాసిన పేరా తెచ్చాడు. వాళ్ళ పిన్ని స్విమ్మింగ్ నేర్పుతుందని రాశాడు, చదివేటప్పుడేమో వాళ్ళ నాయనమ్మని ఈతకొలనులో దింపాడు. నోట్సంతా ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంది, ఏది పొడుగో ఏది పొట్టో తెలియదు. మార్జిన్‌లో తెలుగులో రాయమన్నాను: ఒబసన్ (పిన్ని), ఒబాసన్ (నాయనమ్మ). పెన్ను పైకెత్తకముందే సరిగ్గా చదివేశాడు. మన లిపిలో ఎ, ఏ వేరు. ఒ, ఓ వేరు. కితె, కిత్తె వేరు. మొదటిది 'వచ్చి', రెండోది తపాలా బిళ్ళ. ఈ తేడాలు రాయడానికి తెలుగుకి మించిన లిపి అరుదు.

ఇంకో లాభం. ఇంగ్లిష్ 'టి', 'డి' అక్షరాలు చూడగానే మన నాలుక మడతపడి ట, డ పలికేస్తుంది. స్నేహితుణ్ణి 'టొమొడచి' అనేది మనవాళ్ళే. అది మెత్తగా 'తొమొదచి'. ఇతర దేశాలవాళ్ళు కుస్తీ పట్టే 'త్సు' శబ్దం కూడా మనకి ఉంది. 'చుక్క', 'చూడు' అన్నప్పుడు నాలుక కొస పళ్ళ వెనక తగిలి వచ్చే ఆ 'చు'నే అది. కాబట్టి ఉచ్చారణ నోట్సు తెలుగులో పెట్టుకోండి. హిరగన చేతికి అలవాటైన రోజున దాన్నీ వదిలేయండి.

రెండేళ్ళలో ధారాళంగా అంటే, కాదండీ. 5 యూనిట్ల క్లాసు సెమిస్టర్‌కి 80, 90 గంటలు. నాలుగు సెమిస్టర్లు కలిపినా 360 దాటదు. అమెరికా విదేశాంగ శాఖ తమ దౌత్యాధికారులకి జపనీస్ నేర్పడానికి పెట్టుకున్న లెక్క 88 వారాలు, 2200 క్లాసు గంటలు. అది ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళ లెక్క అనుకున్నా, రెండేళ్ళ క్లాసులతో మీకు వచ్చేది గట్టి పునాది, రోజువారీ మాటలు, 300 పైచిలుకు కంజీలు (చైనా నుంచి వచ్చిన అక్షరాలు). ఆ పునాది ఒంటరిగా యాప్‌తో రాదు. వారంలో ఐదు గంటలు ఎదుటి మనిషితో మాట్లాడించేచోటు ఇంత తక్కువ ఖర్చుతో మరెక్కడా దొరకదు. వదలకండి.

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. యానిమే (జపనీస్ కార్టూన్లు) చూసి జపనీస్ మీద ఇష్టం పెంచుకుంది. వాళ్ళ హైస్కూల్లో జపనీస్ లేదు. కమ్యూనిటీ కాలేజీలో చేరతానంటోంది. మావారు స్పానిష్ తీసుకోమంటున్నారు. జపాన్‌లో టీచర్‌గా పంపే ప్రోగ్రామ్ ఉందట, అది దీనితో వస్తుందా?
– ఒక అమ్మ, ఫ్రీమాంట్

జవాబు: అమ్మాయి ఇష్టపడిందే తీసుకోనివ్వండి. ఇష్టం లేని భాషని రెండేళ్ళు లాగించి, తర్వాత ఒక్క వాక్యం గుర్తులేని పిల్లల్ని చాలామందిని చూశాను. మీవారితో కూడా నా మాటగా చెప్పండి.

హైస్కూల్ పిల్లలు డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ కింద కమ్యూనిటీ కాలేజీలో చేరవచ్చు. స్కూల్ కౌన్సిలర్ సంతకం, మీ సంతకం కావాలి. పార్ట్‌టైమ్‌గా చదివితే చాలా కాలేజీలు యూనిట్ ఫీజు మాఫీ చేస్తాయి. పుస్తకాలు మీరే కొనుక్కోవాలి. చేరేముందు తనని కూర్చోబెట్టి ఒక విషయం స్పష్టంగా చెప్పండి. ఈ గ్రేడు కాలేజీ ట్రాన్స్‌క్రిప్టులో శాశ్వతంగా ఉంటుంది, తర్వాత యూనివర్సిటీకి అప్లై చేసేటప్పుడు చూపించి తీరాలి. క్లాసులో గంటకి ఇంటిదగ్గర రెండు గంటలని కాలేజీ లెక్క. అంటే వారానికి మరో పది గంటలు. స్కూల్లో బరువైన సబ్జెక్టులున్న సెమిస్టర్‌లో వద్దు. కుదరదనిపిస్తే డ్రాప్ గడువు లోపలే తప్పుకోవాలి, గడువు తేదీ మొదటిరోజే ఫ్రిజ్ మీద అంటించండి.

యానిమే వల్ల చెవికి మంచి అలవాటు అవుతుంది. కానీ అందులో వీరులు మాట్లాడే 'ఒరె' (నేను), 'ఒమయె' (నువ్వు) లాంటి మొరటు మాటలు క్లాసులో టీచర్ ముందు అంటే, పెద్దవాళ్ళని 'నువ్వేంట్రా' అన్నట్టే ఉంటుంది. మొదటి ఏడాది 'దెస్', 'మస్' మర్యాద రూపాలు గట్టిగా రానివ్వండి.

మీరు విన్నది జెట్ ప్రోగ్రామ్. 1987 నుంచి నడుస్తోంది. దానికి ఏ సబ్జెక్టులోనైనా బ్యాచిలర్స్ డిగ్రీ కావాలి, అమెరికా నుంచి అప్లై చేసేవాళ్ళు అమెరికా పౌరులై ఉండాలి. స్కూళ్ళలో ఇంగ్లిష్ నేర్పడంలో సాయపడే ఉద్యోగానికి జపనీస్ వచ్చి తీరాలన్న షరతు లేదు. వస్తే అక్కడ బతుకు హాయిగా ఉంటుంది.

ప్రశ్న: అమ్మా, నేను రిటైరైన తెలుగు పండితుణ్ణి. విజిటర్ వీసా మీద మా అబ్బాయి దగ్గరికి ఆరు నెలలకి వచ్చాను. జపాను అక్షరమాల మన అఆఇఈల వరసలో ఉంటుందని మనవడు చెప్పాడు. నిజమేనా? ఆ కాలేజీ క్లాసులో నేనూ కూర్చోవచ్చునా?
– ఒక తాతగారు, ప్లెజంటన్

జవాబు: మాస్టారూ, నమస్కారం. మీ మనవడు చెప్పింది నిజం. అచ్చులు అ, ఇ, ఉ, ఎ, ఒ. ఆ తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. మీరు దీన్ని చూడగానే 'స', 'హ' ఇక్కడెందుకున్నాయని అడుగుతారని తెలుసు. ప్రాచీన జపనీస్‌లో ఇప్పటి 'హ' వరస 'ప' శబ్దమని భాషావేత్తలు తేల్చారు. 'స' వరస కూడా ఒకప్పుడు 'చ'కి దగ్గరగా పలికేదని చాలామంది అభిప్రాయం. ఆ రెండూ పెట్టి చదవండి: క, చ, త, న, ప, మ, య, ర, వ. గొంతు దగ్గర మొదలై పెదవుల దాకా వచ్చే మన వర్గాల క్రమమే. బౌద్ధ భిక్షువుల వెంట వెళ్ళిన సంస్కృత శిక్షా విద్య (ఉచ్చారణ శాస్త్రం), సంస్కృతం రాసే సిద్ధం లిపి చదువు దీనికి మూలం. 736లో భారతదేశం నుంచి బోధిసేనుడనే భిక్షువు జపాన్ చేరి, 752లో నారాలోని తోదైజి మహాబుద్ధ విగ్రహానికి నేత్రోన్మీలనం (కళ్ళు దిద్ది తెరిపించే వేడుక) చేశాడు.

క్లాసు విషయంలో మాత్రం నిరాశపరచక తప్పదు. విజిటర్ వీసా మీద క్రెడిట్ ఇచ్చే కోర్సులో చేరకూడదు, మీ అబ్బాయి చెప్పినా ఆ పని చేయకండి. క్రెడిట్ లేకుండా సరదా కోసం పెట్టే చిన్న కోర్సులకి అభ్యంతరం లేదు. కాలేజీల కమ్యూనిటీ ఎడ్యుకేషన్ విభాగాల్లో, సిటీ రిక్రియేషన్ విభాగాల్లో అలాంటివి ఉంటాయి. కాలిగ్రఫీ (కుంచెతో అక్షరాలు రాసే కళ) క్లాసు దొరికితే ముందు అందులో చేరండి. ఇన్నేళ్ళు నల్లబల్ల మీద రాసిన చేయి మీది, కుంచె త్వరగా లొంగుతుంది.

ప్రశ్న: జపనీస్ 1, 2 సెమిస్టర్ కాలేజీలో 'ఎ' గ్రేడుతో పూర్తి చేశాను. ఫాల్‌లో జపనీస్ 3కి రిజిస్టర్ అయితే, మొదలవడానికి వారం ముందు తగినంతమంది లేరని క్లాసు రద్దు చేశారు. మర్చిపోతానేమోనని భయంగా ఉంది. డిసెంబరులో జెఎల్‌పిటి (జపనీస్ భాషా సామర్థ్య పరీక్ష) రాయవచ్చా?
– ఒక పాఠకుడు, శాక్రమెంటో

జవాబు: మీ బాధ నాకు బాగా తెలుసు. జపనీస్ 1లో వెయిట్‌లిస్ట్ ఉంటుంది, 3కి వచ్చేసరికి పలచబడుతుంది. పన్నెండుమంది శ్రద్ధగల పిల్లలున్న క్లాసుని తలల లెక్క చూసి ఎత్తేయడం నా దృష్టిలో పెద్ద తప్పు. పునాది వేయించి గోడ దగ్గర ఆపేస్తే ఆ పిల్లలేం కావాలి? ఈ మాట నేను డిపార్ట్‌మెంట్ మీటింగుల్లో కూడా చెబుతూనే ఉన్నాను. విద్యార్థులుగా మీరు చేయగలిగింది రిజిస్ట్రేషన్ తెరిచిన రోజే చేరడం, తోటివాళ్ళని చేర్పించడం. 'చివర్లో చూద్దాం' అని పదిమంది ఆగితే ఆ పదిమందీ లెక్కలోకి రాకుండా పోతారు.

ఇప్పుడు మీకు దారులున్నాయి. ఒకే టర్ములో ఇంకో కమ్యూనిటీ కాలేజీలో కూడా చేరవచ్చు, రాష్ట్రమంతా సెమిస్టర్ యూనిట్ ఫీజు ఒకటే. కాలిఫోర్నియా వర్చువల్ క్యాంపస్ సైటులో వేరే కాలేజీల ఆన్‌లైన్ క్లాసులు వెతకండి. ఫాల్ క్వార్టర్ సెప్టెంబరు చివర్లో మొదలవుతుంది కాబట్టి క్వార్టర్ కాలేజీల్లో ఇంకా అవకాశం ఉండొచ్చు. అయితే నంబర్లు చూసి మోసపోకండి. మూడు క్వార్టర్లు రెండు సెమిస్టర్లతో సమానం, అంటే మీకు సరిపోయేది అక్కడి జపనీస్ 3 కాదు, 4. చేరేముందు ఆ టీచర్‌కి ఈమెయిల్ రాసి మీరు ఏ పుస్తకంలో ఏ పాఠం దాకా వచ్చారో చెప్పండి.

జెఎల్‌పిటి అమెరికాలో ఏడాదికి ఒక్కసారే, డిసెంబరు మొదటి ఆదివారం. ఇండియాలోలాగా జూలైలో ఉండదు. మీకు వచ్చినదానితో అందులో మొదటి మెట్టు ఎన్-5 హాయిగా రాయవచ్చు. 180కి 80 వస్తే పాస్. దాని పై మెట్టు ఎన్-4కి 90 కావాలి, రెండింటికీ విడిగా వినికిడిలో కూడా 60కి 19 రావాలి. గెంకీ రెండు భాగాల్లోని 23 పాఠాలూ అయితే ఎన్-4 అందుతుంది, మీరు ఇంకా సగం దారిలోనే ఉన్నారు. ఈ పరీక్షలో మాట్లాడించరు, రాయించరు, అన్నీ గుర్తుపట్టి బబుల్ నింపేవే. అందుకని పరీక్ష కోసం చదువుతూనే, రద్దయిన మీ క్లాసులోంచి ఇద్దరు ముగ్గుర్ని కూడగట్టి వారానికోసారి కాలేజీ లైబ్రరీ స్టడీ రూమ్‌లో గంటసేపు జపనీస్‌లోనే మాట్లాడుకోండి. పాత టీచర్‌ని అడిగితే అప్పుడప్పుడూ వచ్చి కూర్చుంటారు, నన్ను అడిగినప్పుడల్లా నేను వెళ్ళాను. స్ప్రింగ్ షెడ్యూల్ రాగానే ఆ ముగ్గురూ కలిసి ఒకేరోజు జపనీస్ 3కి రిజిస్టర్ అవ్వండి.